ఉద్యానంలో ఊరు: హాంప్‌స్టెడ్ ఉపనగరం – ఒక పరిశీలన

తెలుగు ప్రబంధాన్ని చేపట్టిన విద్యార్థికి మొట్టమొదట ఎదురయ్యేది పురవర్ణన. కోట, అగడ్త, మేడలు, వీధులు, ఆ తరువాత ఎప్పుడో ఉద్యానం. ఆలంకారికులు చెప్పిన అష్టాదశ వర్ణనలలో నగరానికి ఒక స్థానం, ఉద్యానానికి వేరొక స్థానం ఉన్నవి. ఊరు వేరు, తోట వేరు. ఊరిలో మనుషులు కాపురముంటారు. తోటలో నాయికానాయకులు విహరిస్తారు, పూలు కోస్తారు, విరహతాపంతో వేగుతారు. తోటలో పొయ్యి రాజేసి, పిల్లలను పెంచి, నెల తిరిగేసరికి అద్దె కట్టుకొన్న కుటుంబాన్ని మాత్రం ఏ ప్రబంధంలోనూ నేను చూడలేదు.

పారశీక సంప్రదాయం కూడా దీనికి భిన్నం కాదు. మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు పరిచితమైన 'ఫిర్దౌస్' అన్న మాటకు మూలం ప్రాచీన ఇరాన్ భాషలోని 'పైరిదయేజ'. దానికి అర్థం 'చుట్టూ గోడ కట్టినది' అని. ఆ మాటే గ్రీకులో 'పారదైసోస్', ఆంగ్లంలో 'పారడైజ్', అరబ్బీలో 'ఫిర్దౌస్' అయినది. స్వర్గానికి పేరు పెట్టబూనిన మానవునికి ముందుగా తోచినది చెట్టు కాదు, సెలయేరు కాదు, గోడ! వేడిగాలులు వీచే దేశంలో గోడ లేనిదే తోట నిలవదు కాబట్టి ఆ పేరులో న్యాయం లేకపోలేదు. అయితే గోడకు రెండవ పని కూడా ఉన్నది. అది బయటివానిని బయటనే నిలుపుతుంది.

తోటనే ఊరుగా కట్టాలి, ఆ తోటకు గోడ ఉండరాదు అన్న ఆలోచన చాలా ఇటీవలిది. అమెరికాలో షికాగో నగరానికి తొమ్మిది మైళ్ళ దూరంలో రివర్‌సైడ్ అన్న గ్రామానికి 1869లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ అనే ఇద్దరు రూపకల్పన చేశారు. న్యూయార్కులోని సెంట్రల్ పార్కు నిర్మాతలు వీరే. పదహారు వందల ఎకరాలు. నది వంపును అనుసరించి వంపులు తిరిగే వీధులు. ప్రతి ఇల్లూ రోడ్డుకు ముప్పై అడుగులు వెనుకకు జరగాలి, ముందు చెట్లు ఉండాలి అన్నది అక్కడి నిబంధన. 1873 నాటి ఆర్థిక సంక్షోభంలో దానిని నిర్మించిన సంస్థ దివాలా తీసినది గాని గ్రామం నిలిచినది, నేటికీ అందంగానే ఉన్నది. కాని అది మొదటినుండి సంపన్నుల కోసం సంపన్నులు వేసుకొన్న తోట. అందులో మనం నేర్చుకోదగిన శిల్పమున్నది, మనలను కలవరపెట్టే ప్రశ్న లేదు. ఆ ప్రశ్న కోసం లండను వెళ్ళాలి.

లండను నగరానికి వాయవ్య దిశలో హాంప్‌స్టెడ్ హీత్ అనే విశాలమైన బయలు ఉన్నది. దానిని ఆనుకొని 1907లో వెలసినదే 'హాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్'. తెలుగులో ఉద్యాన ఉపనగరం అందాము. దీనికి మూలపురుషుడు ఒక స్త్రీ. హెన్రియెట్టా బార్నెట్ 1851లో కలిగిన ఇంట పుట్టినది. భర్త శామ్యూల్ బార్నెట్ లండను తూర్పు భాగాన వైట్‌చాపెల్ అనే పేటలో మతాచార్యుడు. ఆ పేట ఆనాడు దారిద్ర్యానికి మారుపేరు. గాలి చొరని గదులు, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క సంసారం, ఆడుకొనడానికి పిల్లలకు మురుగు పారే సందు. దంపతులిద్దరూ ముప్పై ఏళ్ళకు పైగా అక్కడివారి మధ్య పనిచేశారు. విశ్వవిద్యాలయ విద్యార్థులు పేదల మధ్య నివసించి, వారికి చదువు చెప్పి, వారినుండి తామూ నేర్చుకోవాలన్న ఆశయంతో 1884లో 'టాయిన్‌బీ హాల్' స్థాపించినది వీరే.

ఈ దంపతులకు హాంప్‌స్టెడ్‌లో ఒక విశ్రాంతి గృహం ఉండేది. ఇంతలో భూగర్భ రైలుమార్గం ఆ దిక్కుగా రాబోతున్నదన్న వార్త వచ్చినది. రైలు వస్తే వెనువెంటనే ఇళ్ళ వ్యాపారులు వస్తారు. పచ్చని పొలాల మీద ఒకే అచ్చులో పోసినట్లు ఇళ్ళ వరుసలు లేస్తాయి. హెన్రియెట్టా ఉద్యమం లేవదీసినది. చందాలు పోగుచేసి, ఆ భూములకు యజమాని అయిన ఈటన్ కళాశాల నుండి ఎనభై ఎకరాలు కొనిపించి హీత్‌కు కలిపించినది. రైలు కంపెనీవారు అప్పటికే ఆ బయలు క్రింద నార్త్ ఎండ్ అనే స్టేషనుకు వేదికలు కట్టి ఉన్నారు. పైన ఇళ్ళు రావని తేలిపోయిన మీదట దానిని తెరవడం మానుకొన్నారు. ఒక్క ప్రయాణికునికీ టిక్కెట్టు అమ్మని ఆ స్టేషను ఈనాటికీ భూమి క్రింద అలాగే ఉన్నది.

సామాన్యులైతే అంతటితో తృప్తిపడి ఊరుకొనేవారు. ఆమెను మాత్రం మరొక ఆలోచన వెంటాడినది. బయలును కాపాడితే ఎవరికి లాభం? దాని చుట్టూ నివసించగలవారికే కదా! వైట్‌చాపెల్ బాలునికి ఆ గాలి అందేదెట్లా? కాబట్టి మరి 243 ఎకరాలు కొని, అక్కడ అన్ని తరగతులవారూ నివసించే ఊరు కట్టాలని సంకల్పించినది. ఇప్పుడు ఆ రైలే మిత్రమైనది. రెండు పెన్నీల చార్జీతో కూలివాడు నగరంలో పనికి పోయి సాయంకాలానికి చెట్ల నీడకు తిరిగి రావచ్చునని ఆమె లెక్క. 1907 మే 2వ తేదీన ఆమె స్వయంగా మొదటి మన్నుపెళ్ళ తీసినది. ఆ జూన్ మాసంలోనే సమీపాన గోల్డర్స్ గ్రీన్ స్టేషను తెరిచారు.

ఊరి నమూనా గీసినవాడు రేమండ్ అన్విన్. సామ్యవాది, విలియం మారిస్ భావాలతో పెరిగినవాడు. బారీ పార్కర్‌తో కలిసి 1903లో ప్రారంభమైన లెచ్‌వర్త్ ఉద్యాన నగరానికి ప్రణాళిక వేసిన అనుభవం ఉన్నది. ఇక్కడ అతనికి అడ్డు తగిలినది డబ్బు కాదు, చట్టం. ఆనాటి పురపాలక నిబంధనల ప్రకారం ప్రతి వీధీ వెడల్పుగా, రాళ్ళు పరచి ఉండి తీరాలి. మురికివాడల బెడద తప్పించడానికి సదుద్దేశంతో చేసిన నిబంధనే. కాని ఫలితం ఏమిటి? వెడల్పు రోడ్డుకు ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చు రాబట్టడానికి రోడ్డు పొడవునా ఇళ్ళు ఒకదానికొకటి అంటించి కట్టవలసి వచ్చేది. అందుకని 1906లో పార్లమెంటులో ఈ ఊరికోసమే ఒక ప్రత్యేక చట్టం చేయించారు. దాని ప్రకారం సగటున ఎకరాకు ఎనిమిది ఇళ్ళకు మించరాదు. ఎదురెదురు ఇళ్ళ మధ్య యాభై అడుగులైనా ఎడం ఉండాలి. దానికి ప్రతిగా, కొద్ది ఇళ్ళకు మాత్రమే దారియిచ్చే చిన్న వీధి ఇరవై అడుగుల వెడల్పుతో సరిపెట్టుకోవచ్చు. రాకపోకల రద్దీ లేని మొండిసందులో కూలి కుటుంబపు పిల్లలు ఆడుకొనవచ్చు.

వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఇక్కడ కొంచెం ఆగాలి. సౌందర్యం ఖరీదైనదని, పేదలకు అది విలాసమని అందరూ అనే మాటను అన్విన్ కవిత్వంతో కాక కూడికలు తీసివేతలతో ఖండించాడు. 1912లో అతడు ప్రచురించిన చిన్న పుస్తకపు పేరును మన భాషలో చెప్పాలంటే 'కిక్కిరిసి కట్టి మిగుల్చుకొనేది లేదు' అనవచ్చు. పది ఎకరాల భూమి తీసుకొన్నాడు. పాత పద్ధతిలో సమాంతరంగా వీధులు వేస్తే 340 ఇళ్ళు పడతాయి. తన పద్ధతిలో మధ్యన ఆటస్థలం విడిచి చుట్టూ కడితే 152 మాత్రమే. సగానికన్నా తక్కువ. అయితే భూమి ఖర్చు రెట్టింపు పైన కావాలి కదా అంటారు. కాదు. రోడ్ల పొడవు బాగా తగ్గినది. రోడ్డుకు పోయే భూమి, రోడ్డుకు పోయే రాళ్ళు, కూలి మిగిలినవి. పాత పద్ధతిలో ఒక ఇంటికి 83 గజాల స్థలం వస్తే కొత్త పద్ధతిలో 261 గజాలు వస్తుంది. అంటే మూడు రెట్లు. స్థలానికి వారానికి పడే అద్దె మాత్రం 8 పెన్నీల నుండి 12 పెన్నీల లోపుకు, అంటే సగం కూడా పెరగదు. గజాల లెక్క మీద స్థలాలు బేరమాడే మనవారికి ఈ గణితం వివరించి చెప్పనవసరం లేదు. మనం నేటికీ వేస్తున్న లేఅవుట్లలో ఈ లెక్క ఎవరైనా వేసి చూశారా అన్నదే సందేహం.

ఇక గోడ సంగతి. ఈ ఊరిలో ఇంటికీ ఇంటికీ నడుమ ప్రహరీగోడ నిషిద్ధం. పచ్చని దడి మాత్రమే ఉండాలి. మన పల్లెల్లో గోరింట, వాయిలి మొక్కలతో వేసే దడి లాంటిదే, అక్కడి శీతలదేశపు మొక్కలతో పెంచినది. దడికి ఆవల పొరుగింటి పూలు కనబడతాయి. దడుల మధ్యగా మనుషులు నడిచే సన్నని కాలిబాటలు వీధినుండి వీధికి పోతాయి. భూమిలో అంతకుముందే ఉన్న ఓక్ వృక్షాలను కొట్టలేదు, రోడ్లనే వంచారు. రెండు చిన్న అడవులను అడవులుగానే వదిలారు. వాటిలోకి పోవడానికి ఎవరికీ టిక్కెట్టు లేదు.

ఉత్తర భాగంలో కార్మికులకు చిన్న ఇళ్ళు. అద్దెదారులే వాటాదారులుగా ఉండే సహకార సంఘం వాటిని కట్టినది. వృద్ధులకు 'ఆర్చర్డ్' అనే పేరుతో గదుల సముదాయం 1909లో లేచినది. ఉద్యోగాలు చేసుకొనే ఒంటరి స్త్రీలకు అదే సంవత్సరం 'వాటర్‌లో కోర్ట్' అనే చావడి. మధ్యన ముంగిలి, చుట్టూ వసారా. ఆ కాలంలో ఒంటరి ఉద్యోగినికి గౌరవమైన బస దొరకడం ఎంత కష్టమో తలుచుకొంటే దాని విలువ తెలుస్తుంది. దక్షిణాన హీత్ అంచున సంపన్నుల పెద్ద ఇళ్ళు. నడిబొడ్డున సర్ ఎడ్విన్ లుట్యెన్స్ రూపొందించిన చౌకము, రెండు ప్రార్థనాలయాలు, విద్యాసంస్థ.

ఇంత చక్కని కథకు ముగింపు కూడా చక్కగా ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసిన పని లేదు. నేడు ఆ ఉపనగరం లండనులోని అత్యంత ఖరీదైన నివాస ప్రాంతాలలో ఒకటి. కార్మికుల కోసమని కట్టిన కుటీరాన్ని ఈనాటి కార్మికుడు జీవితమంతా కూడబెట్టినా కొనలేడు. ఇది ఒక్కనాటి ద్రోహం కాదు. ఎవరో దుర్మార్గుడు వచ్చి చేసినదీ కాదు. అందుకే పరిశీలించవలసి ఉన్నది.

మొదటి లోపం పుట్టుకలోనే ఉన్నది. ఊరి నడుమ దుకాణాలు ఉండరాదన్నారు. మద్యశాల ఉండరాదన్నారు. సంత లేదు, పని చేసుకొనే కార్ఖానా లేదు. దుకాణాలన్నీ పొలిమేరలకే పరిమితం. ప్రశాంతత కోరేవానికి ఇది వరమే. వారం కూలితో వారం బియ్యం తెచ్చుకొనే ఇంటికి మాత్రం ఇది రోజుకొక మైలు నడక. లుట్యెన్స్ చౌకము మహాసుందరంగా ఉంటుంది, నిర్మానుష్యంగానూ ఉంటుంది. చార్మినారు చుట్టూ గాజులవాడు, పండ్లవాడు, చాయ్ హోటలు లేకుండా చేసి చూడండి, ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. కార్మికుల కొరకు విల్లిఫీల్డ్ గ్రీన్ వద్ద కట్టిన క్లబ్బు భవనం ఒకటి ఆ లోటు కొంత తీర్చేది. రెండవ ప్రపంచయుద్ధంలో బాంబు పడి అదీ పోయినది.

రెండవది విస్తరణ. 1911 తరువాత మరి నాలుగు వందల పైచిలుకు ఎకరాలు చేరినవి. ఆ కొత్త భాగంలో కార్మికుల ఇళ్ళకన్న మధ్యతరగతి, ధనిక వర్గాల ఇళ్ళే ఎక్కువ. మోటారు కారు వచ్చినది. 1920లలో పెద్ద రహదారి ఊరిని రెండుగా చీల్చినది. ఇవి కేవలం ప్రస్తావించి వదిలివేయదగినవి.

మూడవది, అసలైనది, సొత్తు స్వభావం. మొదట భూమి అంతా ట్రస్టుది. ఇళ్ళు దీర్ఘకాలపు లీజు మీద ఇచ్చారు. భూస్వామ్యం తమ చేతిలో ఉన్నందువల్లనే దడి కొట్టవద్దు, చెట్టు నరకవద్దు అని శాసించగలిగారు. 1967లో బ్రిటన్‌లో లీజుదారులు భూమిని కూడా కొనుక్కొనే హక్కునిచ్చే చట్టం వచ్చినది. సామాన్య గృహస్థుకు అది మేలు చేసే చట్టమే. కాని ఎవరి స్థలం వారిదైతే ఎవరి గోడ వారు కట్టుకొంటారు. ఆ ప్రమాదం గుర్తించి, ప్రాంతాన్ని 1968లో పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. 1974లో న్యాయస్థానం ఆమోదంతో ఒక నిర్వహణ పథకం అమలులోకి తెచ్చారు. ఇల్లు మీదే అయినా, బయటి రూపం మార్చాలన్నా, చెట్టు కొట్టాలన్నా, ముందున్న తోటలో కారు నిలపడానికి రాళ్ళు పరచాలన్నా ట్రస్టు అనుమతి కావాలి. ఇప్పుడక్కడ ఉన్న సుమారు అయిదు వేల ఇళ్ళకు ఈ కట్టడి వర్తిస్తుంది. దానివల్లనే నూరేళ్ళనాటి దడులు నేటికీ నిలిచి ఉన్నవి. కాదనడానికి వీలులేదు.

అయితే ఈ శాసనాలన్నీ దేనిని కాపాడినవి? దడిని, ఓక్ చెట్టును, ఇంటి కప్పు పెంకును. దడి వెనుక ఎవరుండాలన్నది మాత్రం అంగడి ధరకు వదిలివేయబడినది. తోట ఎంత బాగుంటే ధర అంత పెరిగినది. ధర పెరిగిన కొద్దీ, పాత అద్దెదారులు గతించిన ఇంటిలోకి వారి వంటివారు మళ్ళీ రాలేకపోయారు. వృద్ధుల 'ఆర్చర్డ్'ను 1970లో పడగొట్టారు. ప్రధానమంత్రి పదవికి ముందు హెరాల్డ్ విల్సన్ ఈ ఊరివాడే. శ్రామిక పక్షపు నాయకుడు ఇక్కడ ఉండగలిగాడు, శ్రామికుడు ఉండలేకపోయాడు అని ఎవరైనా చమత్కరిస్తే మనం నొచ్చుకోరాదు. బార్నెట్ ఆశయాన్ని ఓడించినది ఆమె సాధించిన విజయమే అని నా అభిప్రాయం. ధర పెరిగినా కొంత భాగం తక్కువ ఆదాయం కలవారికే చెందాలన్న నియమాన్ని, చెట్ల విషయంలో చేసినంత గట్టిగా, ఇళ్ళ విషయంలో చేయలేదు.

లుట్యెన్స్ ఇక్కడి పనినుండే 1912లో మన దేశానికి వచ్చాడు. కొత్త ఢిల్లీ కూడా ఉద్యానంలో ఊరే. వేప, నేరేడు, అర్జున, చింత చెట్ల బారులు, ఎకరాల కొలది ఆవరణల మధ్య బంగళాలు. కాని అక్కడ కలసి నివసించాలన్న మాటే లేదు. వైస్రాయి భవనానికి ఎంత దూరం, స్థలం ఎంత వైశాల్యం అన్నది అధికారి హోదానుబట్టి నిర్ణయమైనది. బంగళా వెనుక నౌకర్ల గదుల వరుస. 1931లో ఆవిష్కరించిన ఆ నగరంలో 1947 తరువాత నివాసులు మారారు గాని నమూనా మారలేదు.

మన హైదరాబాదు సంగతి ఇంకొక విధం. బషీర్‌బాగ్, జాంబాగ్, కుందన్‌బాగ్, సీతారాంబాగ్, బాగ్ లింగంపల్లి అని పేరు పేరునా తోటలే. నేడు ఆ పేటలలో తిరిగేవానికి బాగ్ బోర్డు మీద మాత్రమే కనిపిస్తుంది. వీటన్నిటిలో నాకు ఇష్టమైన పేరు 'బాగె ఆమ్'. నేటి పబ్లిక్ గార్డెన్స్. 'ఆమ్' అంటే అందరిది. గోడ అన్న మాటతో మొదలైన తోటల చరిత్రలో ఈ ఒక్క చిన్న మాట ఎంత దూరం ప్రయాణించి వచ్చినదో భాషాభిమానులు గమనించాలి.

బంజారా హిల్స్ చరిత్ర కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కొండబండలు, తుప్పలు తప్ప మరేమీ లేని ఆ చోట మెహదీ నవాజ్ జంగ్ ఇల్లు కట్టుకొన్నాడు. తరువాత 1960లో గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నరు అయినది ఈయనే. బండలను పగులగొట్టక, వాటినే గోడలుగా కలుపుకొని కట్టించడం ఆయన అభిరుచి. ఓక్ చెట్టుకోసం అన్విన్ రోడ్డును వంచినట్లే ఇదీను. ఆయన వెంట మరికొందరు వచ్చారు. ఆ తరువాత వచ్చినవారు బండలను పేల్చి చదును చేశారు. ఇప్పుడు అక్కడ రోడ్లకు అంకెలే పేర్లు, ఎత్తైన గోడలు, గోడ మీద గాజుపెంకులు, ఇనుప గేటు ప్రక్కన కాపలావాని కుర్చీ. పేటకు మాత్రం బంజారాల పేరు. అంతకు ముందు ఆ కొండల మీద పశువులు మేపుకొన్నవారు వారే. పేరు మిగిలి మనుషులు లేని చోట్లు హాంప్‌స్టెడ్‌లోనే కాదు, మన కళ్ళముందు కూడా ఉన్నవి. దాని అంచున చిరాన్ ప్యాలెస్ ఆవరణ ఒకప్పుడు నిజాము వంశీకుల సొంతం. 1998లో దానిని జాతీయోద్యానంగా ప్రకటించినందువల్ల కదా, బస్తీలో ఉండే మనిషి కూడా చిన్న టిక్కెట్టు కొని నెమళ్ళ మధ్య నడవగలుగుతున్నాడు! ప్రైవేటు యజమాని ఔదార్యం మీద ఆధారపడిన నీడ ఆ యజమాని వారసునితో మారవచ్చు. చట్టం మీద ఆధారపడిన నీడను తీసివేయడానికి కనీసం మరొక చట్టం కావాలి.

హాంప్‌స్టెడ్‌కు తిరిగి వచ్చి ఒక్క విషయం చెప్పి విరమిస్తాను. బార్నెట్ స్థాపించిన వాటిలో చాలా భాగం సంపన్నుల పాలైనదన్నాను. ఒకటి కాలేదు. లుట్యెన్స్ చౌకంలోని ఆ విద్యాసంస్థ భవనంలో 1911 నుండి ఒక బాలికల పాఠశాల నడుస్తున్నది. నేడది ప్రభుత్వ నిధులతో నడిచే పాఠశాల. ఫీజు లేదు. ప్రవేశపరీక్షలో నెగ్గిన బాలిక ఎవరైనా చేరవచ్చు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు, మన ఉపఖండపు పిల్లలు ఎందరో అందులో చదువుతున్నారు. అయితే పరీక్షకు తయారు చేయించగల స్తోమత కూడా అందరికీ ఉండదు కాబట్టి దీనిని నేను మరీ పొగడను. కాని ఉదయం పూట గోల్డర్స్ గ్రీన్‌లో రైలు దిగి, బస్సులు దిగి, నగరపు నలుమూలలనుండి వచ్చిన ఆ బాలికలు సంచులు భుజాన వేసుకొని దడుల మధ్య సన్నని బాటలగుండా చౌకం వైపు నడిచిపోతారు. నిర్మానుష్యమైన ఆ చౌకంలో జనసమ్మర్దం అంటూ ఉండేది ఆ కాసేపే. సాయంకాలం మళ్ళీ అదే బాటన రైలు దగ్గరకు.